ఆరు రోజుల ఆరాధన

మా దేవాలయ వీధి చివర మలుపు తిరిగితే ఒక చిన్న చర్చి ఉంది. దాని గోడ మీద నీలిరంగు అక్షరాలతో 'ఆదివార ఆరాధన ఉదయం 9 గంటలకు' అని రాసి ఉంటుంది. నలభై ఏళ్ళుగా అర్చకత్వం చేస్తూ ఆ దారినే నడుస్తున్నాను. తెల్లవారుజామున స్వామివారి తలుపులు తీయడానికి వెళ్తున్నప్పుడూ, రాత్రి పవళింపు సేవ ముగించి తాళం వేసి వస్తున్నప్పుడూ ఆ అక్షరాలు కంటబడతాయి. చూసిన ప్రతిసారీ మనసులో ఒక చిన్న అతిశయం కదిలేది. 'మనది నిత్యారాధన. వారిది వారానికొక్కనాటి ముచ్చట' అని.

పాఠక మహాశయులారా! ఈ అతిశయం మీలో కొందరికైనా కలిగే ఉంటుంది. అందులో సత్యం లేదని నాకు ఆలస్యంగా తెలిసింది. ఎలా తెలిసిందో, తెలిసి నేనేం నేర్చుకున్నానో మీతో చెప్పుకోవడానికే ఈ వ్యాసం. ఇందులో పరమతానికి ప్రచారం లేదు, స్వధర్మానికి నింద లేదు. పొరుగింటి దీపం ఎలా వెలుగుతోందో చూసినవాడికి తన ప్రమిదలో నూనె ఎంత ఉందో చూసుకోవాలన్న బుద్ధి పుడుతుంది. అంతవరకే నా ఉద్దేశం.

మడి కట్టుకున్న చేతులు

సుమారు ఇరవై ఏళ్ళ క్రితం మా అమ్మగారు పక్షవాతంతో మంచాన పడ్డారు. నెలకు పైగా ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది. పగలు ఇంటి ఆడవారు, రాత్రిళ్ళు నేను కనిపెట్టుకుని ఉండేవాళ్ళం. వేకువన లేచి, అక్కడి కుళాయి దగ్గరే స్నానం చేసి, మడిపంచె కట్టుకుని, గది మూలన సంధ్యావందనానికి కూర్చునేవాణ్ణి.

ఒకనాడు జపంలో ఉండగా అమ్మ పక్క తడిసింది. ఆమెకు మాట పడిపోయింది కనుక కళ్ళతోనే నన్ను పిలిచింది. నేను చూశాను. చూసి కూడా, లెక్క తప్పుతుందని, మడి చెడుతుందని కళ్ళు మూసుకున్నాను. 

కాసేపటికి రాత్రి విధుల్లో ఉన్న నర్సు వచ్చింది. ముప్ఫై ఏళ్ళు దాటని పిల్ల. మంచం పక్కన ఒక్క క్షణం నిలబడి, కళ్ళు మూసుకుని, పెదవులు కదిపి, అప్పుడు అమ్మను తాకింది. పక్క మార్చింది. ఒళ్ళు తుడిచింది. వీపు మీది పుండ్లకు మందు రాసింది. చెదిరిన జుట్టు దువ్వి ముడి వేసింది.

జపం ముగిశాక అడిగాను. "ఏమ్మా, ముట్టుకునే ముందు ఏదో అనుకున్నావు. ఏమిటది?"

ఆ అమ్మాయి సిగ్గుపడింది. "ఏం లేదండీ పంతులుగారూ. ప్రభువునే ముట్టుకుంటున్నాననుకుని ముట్టుకోమని మా అమ్మ చెప్పింది. ఈ ఆదివారం కూడా డ్యూటీ పడిందండీ, చర్చికి వెళ్ళడానికి కుదరదు. అన్నిసార్లూ గుర్తుండదు లెండి. ముప్ఫై మంచాలు. ఒక్కోసారి విసుక్కుంటాను కూడా" అంటూ మాసిన దుప్పట్లు చంకన పెట్టుకుని పక్క గదికి వెళ్ళిపోయింది.

నా జపసంఖ్య ఆనాడు పూర్తయింది. కాని ఆ ఉదయం ఆ గదిలో దైవాన్ని సేవించినది ఎవరన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ విడిచిపెట్టలేదు. శాస్త్రజ్ఞులు తొందరపడి నాకు ప్రాయశ్చిత్తం వెతకనక్కరలేదు. కన్నతల్లికి సేవ చేయడానికి జపం మధ్యలో లేస్తే పాపమని నాకు ఏ గురువూ చెప్పలేదు. ఆ తప్పు శాస్త్రానిది కానే కాదు, నాది. ఆ తరువాతే వారి గ్రంథాలను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను.

పేరులోనే ఉన్న అర్థం

శబ్దార్థం దగ్గర మొదలుపెట్టడం మా చదువు నేర్పిన అలవాటు. బైబిలు పూర్వభాగం చాలావరకు హీబ్రూ భాషలో ఉంది. అందులో ఆరాధనను సూచించే ముఖ్యమైన మాటల్లో ఒకటి 'అవోదా'. ఆలయంలో చేసే సేవకు ఆ మాటే, పొలంలో చేసే పనికీ ఆ మాటే. ఈజిప్టులో ఇశ్రాయేలీయుల చేత చేయించిన వెట్టిచాకిరీకి కూడా అదే మాట వాడారు. మట్టి తొక్కిన పనికీ, మందిరంలో ధూపం వేసిన పనికీ ఒకే పేరు ఉండటం ఆలోచించదగిన విషయం.

ఉత్తరభాగం గ్రీకు భాషలో ఉంది. అక్కడ ఆరాధనకు వాడిన 'లత్రేయియా' అన్న పదానికీ సేవ అనే అర్థం. రోమునగర విశ్వాసులకు రాసిన లేఖ పన్నెండో అధ్యాయం ఆరంభంలో పౌలు ఈ పదాన్నే ప్రయోగించాడు. మీ దేహాలనే సజీవమైన బలిగా దేవునికి అర్పించండి, అదే మీరు చేయవలసిన సేవ అన్నది అక్కడి తాత్పర్యం. యజ్ఞం ఎరిగిన మనకు ఈ మాటలోని బరువు వెంటనే తెలుస్తుంది. అగ్నిలో వేసిన హవిస్సు ఒక్కసారితో భస్మమైపోతుంది. బ్రతికి ఉన్న హవిస్సు అలా కాదు. అది ప్రతి ఉదయం వేదిక మీద నుంచి లేచి తన దారిన తాను పోగలదు. కనుక దాన్ని రోజూ మళ్ళీ అర్పించుకోవలసిందే.

చర్చిలో క్రమబద్ధంగా జరిగే పూజావిధిని 'లిటర్జీ' అంటారు. దీని మూలం మతానికి సంబంధించినదే కాదు. ప్రాచీన ఏథెన్సులో సంపన్నుడైన పౌరుడు సొంత ఖర్చుతో ప్రజల కోసం చేసే పనికి ఆ పేరు. యుద్ధనౌకను సిద్ధం చేయించడం, ఉత్సవ నాటకానికి గాయక బృందాన్ని పోషించడం వంటివి అందులో ఉండేవి. నలుగురి కోసం చేసే పని అన్న ఆ అర్థాన్ని క్రైస్తవులు తమ ఆరాధనకు తెచ్చుకున్నారు.

ఇంకొక మాట మరీ విచిత్రం. కథోలికుల ప్రధాన పూజను 'మాస్' అంటారు. లాటిన్ 'మిస్సా' దీనికి మూలం. పూజ చివర గురువు భక్తులకు సెలవిచ్చి పంపించే వాక్యంలోని పదమది. ఏ పూజకైనా దేవుని పేరో, ప్రధాన ద్రవ్యం పేరో పెడతారు. వారు మాత్రం 'ఇక వెళ్ళండి' అన్న మాటతో పూజ అంతటినీ పిలుచుకున్నారు. లోపల జరిగినదానికి ఫలం గుమ్మం దాటాక తెలియాలన్న భావం నాకు ఆ పేరులో కనబడింది.

మనకూ ఇలాంటి మాటలున్నాయి. 'కైంకర్యం' అన్నది కింకరుడి నుంచి వచ్చింది. 'ఏమి చేయమంటారు?' అని చేతులు కట్టుకుని నిలబడేవాడు కింకరుడు. మనం మాటను మాత్రం దాచుకున్నాం. ఆ ప్రశ్న అడగడం ఎప్పుడో మానేశాం.

సామాన్ల గదిలో పవిత్రపాత్రలు

క్రీస్తుశకం 6వ శతాబ్దంలో ఇటలీ దేశంలో బెనెడిక్ట్ అనే మహనీయుడు ఉండేవాడు. రోము నగరానికి దక్షిణాన మోంటే కాసినో అనే కొండ మీద మఠం స్థాపించి, సన్యాసుల కోసం 73 అధ్యాయాల నియమావళి రాశాడు. పశ్చిమ ఐరోపా క్రైస్తవ మఠజీవితానికి శతాబ్దాల పాటు అదే ఆధారమయింది.

ఆ నియమావళి ప్రకారం రాత్రి ఒకసారి, పగలు ఏడుసార్లు కీర్తనలతో ప్రార్థన జరగాలి. దానికి ఆయన పెట్టిన పేరు 'దేవుని పని'. గంట వినబడగానే చేతిలో ఏ పని ఉన్నా విడిచి రావాలి. దేవుని పని కంటే ఏదీ ముందు కాదు. ఇంతవరకు చదివి నేను 'మన అర్చకుల నియమం లాంటిదే' అనుకున్నాను. ముందుకు వెళ్ళాక ఆశ్చర్యపోయాను.

ముప్ఫై ఒకటో అధ్యాయం మఠంలో సరుకులు చూసుకునే ఉద్యోగిని గురించి. మఠంలోని పాత్రలను, పనిముట్లను బలిపీఠం మీది పవిత్రపాత్రలతో సమానంగా చూడాలట! గడ్డపార, గంపలు, నీళ్ళబిందె వంటివన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. మన దేవాలయాల్లో మడపల్లి గిన్నెలను ఎంత శుద్ధిగా చూస్తామో మీకు తెలుసు. అదే భావం పెరటిలోని పార మీద కూడా ఉండాలన్నాడు ఆయన.

ముప్ఫై ఆరో అధ్యాయం రోగుల గురించి. అన్నిటికంటే ముందు, అన్నిటికంటే మిన్నగా రోగులను చూసుకోవాలి. వారిని సేవించడం క్రీస్తును సేవించడమే. ఇలా సేవలందుకునే రోగులు కూడా ఆ సంగతి గుర్తుంచుకుని, అతిగా కోరికలు కోరి సేవకులను బాధపెట్టకూడదని హెచ్చరిక కూడా ఉంది. యాభై మూడో అధ్యాయం వచ్చిన అతిథులను క్రీస్తుగానే ఆదరించమంటుంది. అతిథిలో దేవుణ్ణి చూడమన్న ఉపనిషద్వాణి వింటూ పెరిగిన మనకు ఇది పరాయి మాట అనిపించదు.

ఆసుపత్రి గదిలో ఆ నర్సు అన్న మాట ఎంత దూరం నుంచి ప్రవహించి వచ్చిందో అప్పుడు తెలిసింది. ఆమె ఆ నియమావళిని చూసి ఉండదు. తల్లి చెప్పింది, కూతురు విన్నది. ఏ సంప్రదాయమైనా బ్రతికేది అలాగే.

వంటింట్లో దొరికిన దేవుడు

ఇక మరొకరి కథ వినండి. ఆయన అసలు పేరు నికొలాస్ హెర్మాన్. ఫ్రాన్సు దేశానికి తూర్పున ఉన్న లొరేన్ ప్రాంతంలో 1614 ప్రాంతాల్లో పుట్టాడు. పేదవాడు. యువకుడిగా సైన్యంలో చేరి, యుద్ధంలో గాయపడి కుంటివాడయ్యాడు. కొంతకాలం ఒక పెద్దింట్లో సేవకుడిగా ఉన్నాడు. అక్కడ చేతికి వచ్చిన ప్రతి వస్తువునూ పగలగొట్టే మోటువాణ్ణని తరువాత తానే చెప్పుకున్నాడు. 1640లో పారిస్ నగరంలోని కార్మెలైట్ మఠంలో చేరాడు. గురుత్వానికి కావలసిన చదువు లేదు కనుక పనులు చేసే సోదరుడిగా తీసుకుని, బ్రదర్ లారెన్స్ అని పేరు పెట్టి వంటింటికి పంపారు.

ఆయనకు వంటపని అంటే స్వభావసిద్ధంగా అయిష్టం. ఆ అయిష్టమైన పనిలోనే సుమారు పదిహేనేళ్ళు గడిపాడు. తరువాత మఠవాసులకు చెప్పులు కుట్టాడు. పొయ్యి దగ్గర గిన్నెల చప్పుళ్ళ మధ్య, ఒకేసారి నలుగురు నాలుగు అడుగుతున్నప్పుడు, తాను మందిరంలో మోకరిల్లినప్పటి ప్రశాంతతతోనే దైవసన్నిధిని అనుభవిస్తున్నానని ఆయన చెప్పేవాడు. దేవుని మీది ప్రేమతో నేల మీది గడ్డిపరక ఎత్తినా చాలునని భావించేవాడు. పని మొదలుపెట్టే ముందు ఒక చిన్న విన్నపం, ముగిశాక కృతజ్ఞత, తప్పు జరిగితే ఒప్పుకుని మళ్ళీ పనిలో పడటం, ఇంతే ఆయన సాధన.

ఇది వినడానికి సులువుగా ఉంది. కాని తొలి పదేళ్ళు తాను ఎంతో వేదన పడ్డానని కూడా ఆయన దాచుకోకుండా చెప్పాడు. మనసు పదేపదే పారిపోయేదట. పారిపోయిన మనసును తిట్టకుండా, బెదిరించకుండా, మెల్లగా వెనక్కి తెచ్చుకోవడమే ఆయన నేర్చుకున్న విద్య. ఆయన 1691లో కన్నుమూశాడు. ఆయన ఉత్తరాలను, ఆయనతో జరిగిన సంభాషణలను జోసెఫ్ ద బోఫోర్ అనే మతగురువు భద్రపరచి అచ్చు వేయించాడు. పండితుల గ్రంథాలు అల్మరాల్లో ఉండగా, చదువురాని వంటవాడని పేరుపడ్డ ఆయన మాటలు కథోలికుల ఇళ్ళలోనూ, ప్రొటెస్టెంట్ల ఇళ్ళలోనూ మూడు శతాబ్దాలుగా చదువుతున్నారు.

మన ఇళ్ళలో తెల్లవారింది మొదలు పొయ్యి దగ్గరే ఉండే తల్లులకు ఈ కథ ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తుంది. 'పూజకు తీరిక దొరకడం లేదు స్వామీ' అని నా దగ్గర కంటతడి పెట్టిన గృహిణులు ఎందరో. మీరు చేసేదంతా, తినేదంతా నాకే అర్పించమని గీతాచార్యుడు తొమ్మిదో అధ్యాయంలో చెప్పిన మాటను మనం ప్రవచనాల్లో వింటున్నాం. పారిస్ వంటింట్లో ఒక కుంటి సోదరుడు, గీత పేరు కూడా వినకుండానే, ఆ మాటకు దగ్గరగా బ్రతికి చూపాడు.

బలిపీఠం దగ్గర ఆగిన మనిషి

ఇందులో ఒక కఠినమైన వైపు కూడా ఉంది. అది చెప్పకపోతే ఈ వ్యాసం తీపి మాటల మూట అవుతుంది.

క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దంలో ఆమోసు అనే ప్రవక్త ఉండేవాడు. గొర్రెలు కాచుకుంటూ, మేడిచెట్లు చూసుకుంటూ బ్రతికినవాడు. పేదవాణ్ణి తొక్కి, తప్పుడు తూనికలతో అమ్మి, ఆపైన ఘనంగా పండుగలు చేసేవారిని చూసి ఆయన మండిపడ్డాడు. మీ ఉత్సవాలు దేవునికి అసహ్యం, మీ పాటల ధ్వని ఆయన వినడు, న్యాయం నీళ్ళలా పారనివ్వండి అని ఎలుగెత్తి చెప్పాడు. ఆయన వేలు చూపినది అన్యుల వైపు కాదు, తన సొంత జాతి భక్తుల వైపు.

యేసు బోధలోనూ ఇదే స్వరం. కానుక పట్టుకుని బలిపీఠం దాకా వచ్చినవాడికి, తన మీద సోదరునికి ఏదో కోపం ఉందని అక్కడ గుర్తుకు వస్తే ఏం చేయాలి? కానుకను అక్కడే విడిచిపెట్టి, ముందు వెళ్ళి సమాధానపడి, ఆ తరువాత వచ్చి అర్పించాలి. మత్తయి సువార్త అయిదో అధ్యాయంలోని మాట ఇది. నేను పూజారిని కనుక ఆ దృశ్యం నా కళ్ళకు కడుతుంది. పళ్ళెంలో కొబ్బరికాయ ఉంది, హారతి వెలిగింది, భక్తుడు మాత్రం వెనుదిరిగి తమ్ముడి ఇంటికి బయలుదేరాడు. నా నలభై ఏళ్ళలో అలా వెనుదిరిగిన వారిని చూడలేదు. ఆస్తి తగాదాల్లో ఎదుటివాడు ఓడిపోవాలని అర్చన చేయించినవారిని మాత్రం చాలామందిని చూశాను. గోత్రనామాలు చెప్పి, సంకల్పం చెప్పించి, దక్షిణ తీసుకున్నవాణ్ణి నేనే.

4వ శతాబ్దం చివర అంతియొకయ నగరంలో ప్రసంగించిన జాన్ క్రిసోస్తం అనే గురువు ఇంకా సూటిగా అడిగాడు. లోపల బలిపీఠాన్ని పట్టు వస్త్రాలతో అలంకరించి, బయట చలికి వణుకుతున్న దిగంబరుణ్ణి దాటిపోతే క్రీస్తుకు గౌరవం చేసినట్టేనా? ముందు ఆకలిగొన్నవాడికి పెట్టు, మిగిలినదానితో బల్లను అలంకరించు అని ఆయన బోధ సారాంశం. ఇంతటి బోధ విన్నవారందరూ అలాగే నడిచారని నేను అనను. మాటకూ నడతకూ మధ్య దూరం వారిలోనూ ఉంది, మనలోనూ ఉంది. ఆ దూరాన్ని ఎత్తిచూపే గొంతును పవిత్రగ్రంథంలోనే భద్రపరచుకోవడం మాత్రం మెచ్చదగినది.

మన తెలుగు లోగిళ్ళలో

ఇదంతా దూరదేశాల సంగతి అనుకోవద్దు. మన పక్కింటి క్రైస్తవ కుటుంబాన్ని గమనించండి. భోజనానికి ముందు ఒక్క నిమిషం తలలు వంచుతారు. భక్తిగల ఇళ్ళలో రాత్రి అందరూ చాప మీద కూర్చుని కుటుంబ ప్రార్థన చేస్తారు. బిడ్డ పుట్టినా, ఉద్యోగం వచ్చినా, జబ్బు నయమైనా కృతజ్ఞతా కూడిక పెట్టుకుంటారు. కథోలికులు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం గంట మోగినప్పుడు చెప్పుకునే ప్రార్థనకు తెలుగులో 'త్రికాల జపం' అన్న పేరుంది. త్రికాల సంధ్య ఎరిగిన మనకు ఆ పేరు వింటే చనువు కలుగుతుంది. పంట చేతికొచ్చినప్పుడు కొత్త ధాన్యమో, కూరగాయలో, కోడిపిల్లో తెచ్చి చర్చిలో సమర్పించే కోతపండుగ మన పల్లెల్లో నేటికీ కనబడుతుంది.

వీటిలో నాకు ఎక్కువ నచ్చినది పిడికెడు బియ్యం ఆచారం. ఈశాన్యాన ఉన్న మిజోరంలో 1910 నుంచి ఇది స్థిరంగా నడుస్తోంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్కన పెడుతుంది. అలా కూడినదాన్ని చర్చి పనికి సమర్పిస్తారు. కంచి పరమాచార్యులు కూడా పిడికెడు బియ్యం తీసిపెట్టమని గృహిణులకు బోధించిన సంగతి మనలో పెద్దలకు తెలుసు. ఆ పిడికెడు తీసే క్షణంలో వంటింట్లో గంట మోగదు, హారతి వెలగదు. అయినా ఆ చేతికి ఎదుటివాడి ఆకలి రోజుకు రెండుసార్లు గుర్తుకొస్తుంది.

ఇక్కడ ఒక నిజం చెప్పక తప్పదు. ఆ చర్చికి వెళ్ళే కుటుంబాల్లో అనేకుల తాతముత్తాతలు మన గుడి గడప దాటడానికి నోచుకోనివారు. వారిని బయట నిలబెట్టింది దేవుడు కాదు, మనమే. ఆ చరిత్ర మరచి, 'వారిది వారానికొక్కనాటి ముచ్చట' అని తీర్పు చెప్పే అర్హత నాకెక్కడిది?

తేడా తేడాయే

ఇంత చెప్పానని, రెండూ ఒక్కటేనని తేల్చి పారేస్తున్నానని అనుకోకండి. గౌరవం అంటే తేడాను దాచడం కాదు. మన కర్మయోగంలో ఫలాన్ని విడిచి పని చేయడం ద్వారా చిత్తశుద్ధి కలుగుతుందని, అది జ్ఞానానికి దారి అని పెద్దలు చెబుతారు. క్రైస్తవుని లెక్క వేరు. దేవుడు క్రీస్తులో ముందే తనను ప్రేమించి రక్షించాడని అతని విశ్వాసం. కనుక అతని ఆరాధన, అతని నిత్యజీవితం ఆ ప్రేమకు బదులు పలికే కృతజ్ఞత. మంచి పనులతో రక్షణను కొనుక్కోవచ్చని వారి పెద్దలు ఒప్పుకోరు. వారికి దేవుడు ఒక్కడే, అవతారం ఒక్కటే. మనకు అలా కాదు. ఈ తేడాలను వారు విడిచిపెట్టరు, మనం విడిచిపెట్టమని అడగకూడదు.

వారి ఆరాధనకు హృదయం వంటిది రొట్టె, ద్రాక్షారసాలతో జరిగే ప్రభుభోజనం. అక్కడ గోధుమగింజను గాని, ద్రాక్షపండును గాని ఉన్నదున్నట్టు పెట్టరు. విసిరి, పిసికి, కాల్చిన రొట్టె పెడతారు. పిండి, పులియబెట్టిన రసం పెడతారు. ప్రకృతి ఇచ్చినదానికి మనిషి చెమట కలిస్తేనే అది నైవేద్యం అయింది. ఆరు రోజుల పని ఏడవ రోజు బల్ల మీదికి వచ్చిందన్నమాట. అక్కడి నుంచి మళ్ళీ 'వెళ్ళండి' అన్న ఆజ్ఞతో ఆరు రోజుల్లోకి తిరిగి వెళ్తుంది.

మన గడపలోకి

'పనే దైవం' అన్న మాట గోడల మీద రాసి పెట్టుకుంటున్నాం. ఆ మాటను రెండు విధాలుగా పాడుచేస్తున్నాం. 'నాకు పనే పూజ, వేరే ప్రార్థన అక్కర్లేదు' అనేవారు కొందరు. బ్రదర్ లారెన్స్ మఠంలో నియమించిన ప్రార్థనలు మానలేదు. బెనెడిక్ట్ గంట మోగితే పని ఆపమన్నాడు. గంట వినడం మానేసిన వాడికి పని దైవం కాదు, యజమాని అవుతుంది. ఇక కిందివారి చేత అరవచాకిరీ చేయించుకుంటూ వారికి 'పనే దైవం' అని బోధించేవారు మరికొందరు. ఆమోసు ఉంటే వారికి ఏమని చెప్పేవాడో మీరే ఊహించుకోండి.

నా అభిప్రాయం ఇది. నియమిత వేళల్లో చేసే పూజ వేరు వంటిది. రోజంతా మన చేతులు చేసే పని కాయ వంటిది. వేరు లేని కాయ కుళ్ళుతుంది. కాయ కాయని చెట్టుకు ఎంత కాలం నీళ్ళు పోసినా పందిరికి భారమే. సహస్రనామం చదువుతూ మధ్యలో పనిమనిషి మీద విరుచుకుపడిన నోరు, అభిషేకం చేసి వచ్చి ముసలి తండ్రికి గ్లాసుడు నీళ్ళివ్వడానికి బద్ధకించిన చెయ్యి, ఇవి పూజ సాగుతూనే ఉందని నమ్ముతున్నాయి. నేనూ నమ్మాను, తల్లి కళ్ళతో పిలుస్తున్నప్పుడు కళ్ళు మూసుకుని.

రేపు ఉదయం దేవుని గదిలో దీపం పెట్టి లేచాక, మొదట ఎదురుపడే పనిని గమనించండి. అది పాలగిన్నె తోమడం కావచ్చు, మంచంలోని అత్తగారికి పక్క సర్దడం కావచ్చు, దుకాణంలో త్రాసు పట్టడం కావచ్చు. దానికి చెయ్యి తగిలించే ముందు ఒక్క క్షణం ఆగి, మీ ఇష్టదైవాన్ని తలచుకోండి. అన్నిసార్లూ గుర్తుండదు. విసుగూ వస్తుంది. ఆ పిల్లకూ వచ్చేది.

అమ్మ ఆ తరువాత మరో పదకొండు రోజులు బ్రతికింది. ఆ పదకొండు రోజులూ ఆమె పక్క నేనే మార్చాను. మడిపంచె తడిసిన రోజున మళ్ళీ స్నానం చేసి మళ్ళీ సంధ్య వార్చుకున్నాను. సూర్యుడు కాస్త పైకి వచ్చేవాడు. ఆయన ఏమీ అనుకోలేదనే నా నమ్మకం.

ఇప్పటికీ ఆ మలుపు దగ్గర నీలిరంగు అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. అతిశయం కదలడం లేదు. గుడి తాళం తీసే ముందు ఒక్క క్షణం ఆగుతున్నాను.

సర్వే జనులకూ స్వస్తి.